అంగుళమున్నర ప్రార్థన

పేట ప్రార్థన మందిరంలో కొవ్వొత్తుల దొంగతనం జరుగుతోందని జయానందం సార్ సోమవారం సాయంత్రం దీవెన అయ్యాక ప్రకటించాడు. ముప్పై ఏళ్లు మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు సంఘ పెద్ద. అందుకని ఊరికే ప్రకటించలేదు. గోడకు ఆనించిన నల్లబల్ల మీద సుద్దతో లెక్క చేసి చూపించాడు.

"మోంబత్తి పొడుగు ఎనిమిది అంగుళాలు. గంటకు ఒక్క అంగుళం కాలుతదని మోంబత్తుల డబ్బ ఇచ్చిన మిషన్ దొరనే చెప్పిపోయిండు. మన ప్రార్థన గంట. మరి ఒక్క బత్తి ఎన్ని దినాలు రావాలె?"

"ఎనిమిది," అన్నారు ఆడవాళ్లవైపు నుంచి ఎవరో, బడిలో దెబ్బలు తిన్న అలవాటు కొద్దీ.

"వస్తున్నదెన్ని దినాలు?"

దీనికి జవాబు అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పలేదు. మూడో సాయంత్రం ఆఖరి పాటకల్లా ఒత్తి పళ్లెంలో పడి కొట్టుకుని ఆరిపోతోంది. మొదటి బత్తి అట్లాగే పోయింది. రెండోదీ, మూడోదీ అట్లాగే పోయాయి.

"బత్తికి ఐదు దినాల వెలుతురు ఎటువోతున్నది? డబ్బ తాళంచెవి నా మొల్తాడుకున్నది. నేను బత్తి ఇచ్చేది ఒక్కనికే." సార్ సుద్ద ముక్కను కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆ దులుపుడులో పేతురు పేరు ఉంది.

పేతురు మందిరానికి కావలివాడు. గంట కొడతాడు, ఊడుస్తాడు, బత్తి వెలిగిస్తాడు, వెనక ఉన్న ఒంటిగదిలో భార్య మార్తమ్మతో ఉంటాడు. మనిషి తాడిచెట్టంత, గొంతు చీమంత. "నాకెర్క లేదు సార్," అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. మార్తమ్మ వెనక నుంచి అతని పంచె లాగింది. క్రీస్తును మూడుసార్లు ఎరగనన్న పేతురు పేరు పెట్టుకున్నవాడు మూడోసారి కూడా ఎరగనంటే, ఈ జనం ఇక తీర్పు చెప్పక్కర్లేదు, కోడి ఎప్పుడు కూస్తుందా అని చూస్తారు. పేతురు మూడోసారి కూడా అన్నాడు.

మామూలు రోజుల్లో అయితే ఇది కొవ్వొత్తి ముక్కల గొడవ. కానీ అది నలభై ఎనిమిదో సంవత్సరం వానాకాలం. ఇండియన్ యూనియన్ వాళ్లు సరుకులు ఆపేసి నిజాం రాజ్యంలో కిరసనాయిలన్నది వాసనకు కూడా లేకుండా చేశారు. రోడ్ల మీద రజాకార్లు, అడవుల్లో కమ్యూనిస్టులు. పోయిన నెల శివ్వంపేట దిక్కు చేలల్లో దళం మకాం చేసిన చోట కాలిన కొవ్వొత్తి ముక్కలు దొరికాయట. అప్పటి నుంచి పోలీసు అమీన్ సాబు హుకుం: అడవికి పనికొచ్చే వస్తువు ఎవరింట్లో తగ్గినా ఠాణాలో రాసివ్వాలి. తగ్గిందని రాసిచ్చినవాడు ఇంటికి వచ్చేవాడు. ఎవరివల్ల తగ్గిందని రాశారో వాడు ఎప్పుడు వచ్చేదీ, ఎన్ని ఎముకలతో వచ్చేదీ చెప్పడం కష్టం.

"ఆదివారం దాక చూస్త," అన్నాడు సార్. "అప్పటికి ఒప్పుకుంటె సరే. లేకుంటె సోమవారం పొద్దుగాల అమీన్ సాబుకు కాగితం రాసిస్త. నాకేం ఇష్టమా? లెక్క గట్లున్నది."

*

"ఒక్క చుక్క మైనం గూడ ముట్టలే," అన్నాడు పేతురు గదిలో కూర్చుని. "నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు? సార్ మీద వెయ్యి," అంది మార్తమ్మ. "జొన్నరొట్టె తిను. నువ్వు దొంగతనం చేసేటోనివైతె మనింట్ల మూడు దినాలకొక పూట కూరన్న ఉండేది."

"పరాచికాలా నీకు?"

"పరాచికాలు గాదు. సాక్ష్యం."

నవ్వించిందే కానీ, తన రొట్టె మాత్రం మడిచి గంప కింద పెట్టేసింది. పక్క వీధిలో ఒకణ్ణి రెండు నెలల కిందట అమీన్ మనుషులు తీసుకుపోయారు. అతని చెప్పులు ఇంకా వాళ్ల గడప ముందే ఉన్నాయి.

మార్తమ్మ బోర్డింగ్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. అక్కడ ఒక మిస్సమ్మ బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, కనిపించింది రాయమంది. మార్తమ్మ పలక నిండా దేవుని మహిమ రాసింది. మిస్సమ్మ చదివి, "మహిమ నీకు కనిపించిందా, అనిపించిందా?" అని అడిగింది. అనిపించిందంది మార్తమ్మ. "అయితే తుడిచెయ్. మంట ఏ రంగు, మైనం ఎటు కారింది, ఎంత పొట్టిదైంది, అది రాయి." పలక తుడిచేశాక చూస్తే రాయాల్సింది చాలానే ఉంది. పదిహేనేళ్ల తర్వాత, మొగుడి మెడ మీదికి వచ్చాక, ఆ పాఠం ఇన్నాళ్లకు అక్కరకొస్తుందా అనిపించింది. అనిపించింది తుడిచేసి, పని మొదలుపెట్టింది.

మంగళవారం పొద్దున సార్ ఇచ్చిన కొత్త కొవ్వొత్తిని కొంగులో చుట్టుకుని అవుసుల వెంకట్రాములు కొట్టానికి పోయింది. బంగారం పని ఆయనది. ఈ రోజుల్లో పుస్తెలు చేయించుకునే వాళ్లకన్నా దాచిపెట్టమని తెచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి ఖాళీగానే ఉన్నాడు.

"ఏం తెచ్చినవ్ చెల్లె? పట్టెడా?"

"మోంబత్తి. జర తూచన్నా."

వెంకట్రాములు కళ్లజోడు మీంచి చూశాడు. "గిది బంగారం తరాజు. మోంబత్తి పెడితె అలుగుతది."

"అలిగితె నేను బుదగరిస్త. తూచు."

ఆయన లేచి తలుపు మూశాడు. కిటికీ మూశాడు. గాలి ఆడితే తరాజు అబద్ధం చెబుతుందన్నాడు. ఒక చిప్పలో కొవ్వొత్తి, ఇంకో చిప్పలో రాళ్లు పెట్టాడు. సరిగ్గా ఐదు తులాలు. తులానికి తొంభై ఆరు గురిగింజల ఎత్తు చొప్పున, మొత్తం నాలుగు వందల ఎనభై గురిగింజలు.

"ఎనిమిది అంగుళాలకు నాలుగు వందల ఎనభై," అని మార్తమ్మ వేళ్లు ముడిచింది. "అంగుళానికి అరవై."

"ఇంత లెక్కొస్తె నీకు ఆ సార్ తోటి పంచాయితి ఎందుకమ్మా?"

"నాకొచ్చినట్టు ఆయనకెర్క లేదు."

బుధవారం పొద్దున మళ్లీ వచ్చింది. ఒక్క సాయంత్రం కాలిన కొవ్వొత్తి ఇప్పుడు ఐదున్నర అంగుళాలే ఉంది. తూస్తే నూట యాభై గురిగింజలు తక్కువ. వెంకట్రాములుకు కూడా కుతూహలం పట్టుకుంది. తన దగ్గరున్న సగం కొవ్వొత్తి తీసి, తూచి, తలుపులు మూసి వెలిగించాడు. కచేరీలో జవాను గంట పది కొట్టిన దగ్గర్నుంచి పదకొండు కొట్టేదాకా ఇద్దరూ దాని ముందు కూర్చుని, నిద్రపోతున్న పసిపిల్లను చూసినట్టు చూశారు. ముందు ఒత్తి చుట్టూ చిన్న గుంట పడింది. గుంటలో మైనం నీళ్లయింది. ఆ నీళ్లు ఒత్తిలోకి ఎక్కి మంటైపోయాయి. మంట అడుగున నీలం, నడుమ నలుపు, పైన పసుపు. ఒక్క చుక్క పక్కకు కారలేదు. పదకొండు కొట్టగానే ఊది తూచారు. సరిగ్గా అరవై గురిగింజలు, ఒక్క అంగుళం.

"దొర మాట నిజమే," అంది మార్తమ్మ. కొంచెం నిరాశగా కూడా అంది.

"నిజమే. తలుపులు మూసినప్పుడు నిజం." వెంకట్రాములు ఊదుగొట్టం తీసి, మళ్లీ వెలిగించిన మంట మీద మెల్లగా ఊదాడు. మంట పక్కకు పడుకుని బుస్సుమంది. కొవ్వొత్తి ఒకవైపు గోడ కరిగి, మైనమంతా ఒక్కసారి బొటబొటా కారింది. "చూసినవా? గాలి తగిల్తె మంట ఒక్క దిక్కే తింటది. కట్ట తెగుతది. మైనం కాలకుంటనే పారిపోతది. మీ మందిరంల బత్తి ఏడ పెడ్తరు?"

"పడమటి కిటికీ పక్క. సార్‌కు వాక్యం కనబడాలె గద."

"కిటికీ?"

"బార్లా తీసే ఉంటది. సార్ ప్రార్థన వీధికి వినబడాలె గద."

వెంకట్రాములు నవ్వు ఆపుకోవడానికి ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

ఇంటికి పోతూ మార్తమ్మ లెక్క కట్టింది. ప్రార్థన మొదలయ్యేటప్పటికి కచేరీలో ఆరు కొడుతుంది. ఇళ్లకు పోయేటప్పటికి ఏడున్నర. గంట అని సార్ అంటున్నది గంటన్నర. గంటన్నరకు కాలేది తొంభై గురిగింజలు. పోయింది నూట యాభై. మిగిలిన అరవై గాలికి కారిపోయిందనుకుందాం. కారిన మైనం పళ్లెంలో ఉండాలి కదా. రోజూ పళ్లెం కడిగేది తనే. పళ్లెం అద్దంలా ఉంటోంది.

అంటే ఒక అంగుళం నిజంగానే ఎవరో ఎత్తుకుపోతున్నారు. సార్ లెక్క తప్పే కానీ, పూర్తిగా తప్పు కాదు. ఈ ముక్క పేతురుకు చెప్పలేదు. చెబితే ఆ అంగుళం కూడా తనే తీశాడేమోనని అనుమానపడే రకం.

*

మందిరంలో ప్రార్థన అంటే అందరూ కళ్లు మూసుకోవాలి. పసిపిల్లలకు కూడా తల్లులు అరచెయ్యి అడ్డం పెడతారు. కళ్లు తెరిచి ప్రార్థన చేసేవాడు భోజనానికి కూర్చుని విస్తరి లెక్కపెట్టేవాడితో సమానమని సార్ బోధ. కాబట్టి ఇన్ని రోజులుగా ఆ కొవ్వొత్తి కాలుతుండగా చూసిన మనిషి ఒక్కరు లేరు. వెలిగించినప్పుడు చూస్తారు, ఆమెన్ అన్నాక చూస్తారు. నడుమ అది ఏంచేస్తుందో దేవుడికి తెలియాలి. ఆయన సాక్ష్యానికి రాడు.

బుధవారం సాయంత్రం మార్తమ్మ పాపం చేసింది. ముందు ఒక కన్ను తెరిచింది. పిడుగు పడకపోయేసరికి రెండోదీ తెరిచింది.

ముందు కొవ్వొత్తిని చూసింది. పడమటి గాలికి మంట అటూ ఇటూ పొర్లుతోంది. సార్ కిటికీకి దగ్గరగా నిలబడి, తల పైకెత్తి, కుల్చారం దగ్గరున్న తన రెండెకరాల మీద వాన కురిపించమనీ, మరీ ఎక్కువ వద్దనీ వివరంగా చెబుతున్నాడు. ఆయన "హల్లెలూయా" అన్నప్పుడల్లా మంట పడుకుంటోంది. పడుకున్నప్పుడల్లా మైనం ధారకడుతోంది.

ఆ ధార కిందికి ఒక చెయ్యి వచ్చింది.

ఆడవాళ్ల వరసలో అందరికన్నా ముందు, కొవ్వొత్తి పీట పక్కనే చాప మీద కూర్చునేది సార్ భార్య కమలమ్మ. కళ్లు భక్తిగా మూసే ఉన్నాయి. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. వేడి మైనాన్ని వేలితో గీరి, సున్నపు డబ్బీలో వేసుకుని, ఇంకో వేలితో కొంచెం తీసి, చీర కుచ్చిళ్ల కింద మడమల పగుళ్లలో దోపుకుంటోంది. నాటు వేసే నెలల్లో బురదలో దిగిన కాళ్లు ఎట్లా చీలతాయో మార్తమ్మకు తెలుసు. అడుగు వేస్తే ప్రాణం పోతుంది. సార్ ఆకాశం నుంచి వాన దించుతున్నాడు. ఆ వానలో నాట్లు వేసింది ఈమె.

మార్తమ్మ కళ్లు మూసుకుంది. చూడాల్సింది చూడటం అయిపోయింది. చూడకూడనిది కూడా.

*

గురువారం మధ్యాహ్నం సార్ ఇంటికి పోయింది. కమలమ్మ పేరు ఎత్తకుండా మిగతా అంతా చెప్పింది. గంట కాదు గంటన్నరనీ, కిటికీ గాలనీ, మైనం కాలకుండా కారుతోందనీ.

సార్ పడక్కుర్చీలో నిటారుగా లేచాడు. "కారుతున్నదని నీకెట్లెర్క?"

"చూసిన సార్."

"ఎప్పుడు?"

"ప్రార్థన నడుస్తున్నప్పుడు."

"అంటె కండ్లు తెరిచినవ్." సార్‌కు లెక్క తేలినంత సంతోషం కలిగింది. "ప్రార్థనల కండ్లు తెరిచినోళ్ల సాక్ష్యం సంఘంల చెల్లదు. ఇంకేమన్న ఉన్నదా?"

"గంటన్నర మాట సార్..."

"నా గడియారం నా ముంగటనే పెట్టుకుంట. నాకెర్క లేదా?"

పెట్టుకుంటాడు. పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. మార్తమ్మ ఆ మాట నోటి చివర్నే ఆపేసింది.

చాయ్ గిన్నె ఇవ్వడానికి వచ్చిన కమలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. మార్తమ్మ వెళ్లిపోతుంటే వాకిలి దాకా వచ్చింది. చీర అంచు నేల మీద జీరాడేట్టు దించుకుంది.

"మార్తా. కండ్లు ఎంతసేపు తెరిచినవే?"

"జరసేపే కమలక్కా."

"ఏం కనబడ్డది?"

"మోంబత్తి."

"ఇంకేం కనబడలే?"

మార్తమ్మ చెప్పులు వేసుకుంటూ అంది, "మీ కాళ్లు మంచిగ మానినయ్ అక్కా. పోయినేడు ఈ దినాల్ల గోడ పట్టుకొని నడిచేటోళ్లు."

కమలమ్మ చీర అంచును ఇంకా కిందికి లాక్కుంది. "సార్‌కు చెప్తవా?"

"నేను చెప్తె చెల్లదంట గద. కండ్లు తెరిచిన దాన్ని." మార్తమ్మ వాకిలి దాటబోయి వెనక్కి తిరిగింది. "అమీన్ దగ్గర మా ఆయన మాట గూడ చెల్లదక్కా. ఆయనకు గొంతే లేదు."

అంతే చెప్పి వచ్చేసింది. దారంతా తనను తాను తిట్టుకుంది. సంఘం నడుమ నిలబడి చేతి డబ్బీ చూపించమంటే అయిపోయేది. కానీ తన కాన్పు కష్టమైనప్పుడు రెండు రాత్రులు మంచం పక్కన కూర్చున్నది ఆ కమలమ్మే. పైగా భార్యను బజారుకెక్కించిన మనిషి మీద కోపంతో సార్ ఏం రాసిస్తాడో, ఎవరికి రాసిస్తాడో. మొగుణ్ణి కాపాడుకోవాలి. అట్లాగని ఇంకొక ఆడమనిషి పరువు తొక్కుకుంటూ పోవడం తనవల్ల కాదు.

కళ్లు తెరవకుండా చూపించాలి. ఎట్లా?

*

శనివారం మళ్లీ వెంకట్రాములు కొట్టం.

"ఇత్తడి తీగ ముక్కలు కావాలె అన్నా. గోరంత గోరంత. పదిహేను."

"మోంబత్తికి నగలు చేయిస్తున్నవా?"

"అవ్. కమ్మలు."

ఆదివారం సాయంత్రం మందిరం నిండిపోయింది. తీర్పంటే జనానికి వాక్యం కన్నా ఎక్కువ ఆకలి. ఊరంతా ఒకటే పుకారు, యూనియన్ ఫౌజు సరిహద్దుల దగ్గర నిలబడిందని. అయినా అందరూ వచ్చారు. ఫౌజు రేపైనా వస్తుంది, పేతురు సంగతి ఇవాళే తేలుతుంది.

పీట మీద కొత్త కొవ్వొత్తి ఉంది. దాని ఒంటికి పై నుంచి కింది దాకా అరంగుళానికొకటి చొప్పున ఇత్తడి ముళ్లు గుచ్చి ఉన్నాయి. కింద వెడల్పాటి ఇత్తడి పళ్లెం.

"గిదేంది?" అన్నాడు సార్.

మార్తమ్మ లేచి నిలబడింది. "మీరు చెప్పింది నిజం సార్. కండ్లు తెరుసుడు తప్పు. అందుకని చెవులతోటి లెక్కపెడ్దమని. అరంగుళం కరిగినప్పుడల్లా ఒక ముల్లు పళ్లెంల పడ్తది. అందరం కండ్లు మూసుకునే ఉండొచ్చు. మీ గడియారం పేతురు కాదు, మీరే చూడుండ్రి, షురూల ఒకపారి, ఆమెన్ అన్నంక ఒకపారి."

తప్పు పట్టడానికి సార్ నోరు తెరిచాడు. దొరకలేదు. పైగా ఇది లెక్క. లెక్క చేస్తానంటే వద్దన్న లెక్కల సార్ ఈ భూమ్మీద పుట్టలేదు. "కానియ్," అన్నాడు. గడియారం చూశాడు. ఆరు.

పాట, వాక్యం అయ్యేసరికి మొదటి ముల్లు పడింది. ఠంగ్‌మంది. కొందరు ఉలిక్కిపడ్డారు. సాధారణంగా ప్రార్థన చేసే నలుగురు తమ తమ దగ్గూ జ్వరమూ దేవుడికి అప్పజెప్పారు. రెండో ముల్లు పడింది. ఆ తర్వాత సార్ లేచి గొంతు సవరించుకున్నాడు.

సృష్టితో మొదలుపెట్టాడు. సముద్రాలు, పర్వతాలు, ఏడుపాయల దగ్గర మంజీర దాకా వచ్చాడు. ఏలికలను దీవించమన్నాడు. ఏ ఏలికలో చెప్పలేదు. ఎవరు వచ్చినా పనికొచ్చేట్టు జాగ్రత్తగా, "అధికారంలో ఉన్నవారినీ, ఉండబోవువారినీ" అన్నాడు. అక్కడ ఠంగ్‌మంది. ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ అందుకున్నాడు. రోగులను పేరుపేరునా, రోగం రోగమునా తలుచుకున్నాడు. ఒకామె గడ్డ ఎక్కడ లేచిందో కూడా దేవుడికి గుర్తుచేశాడు. కుల్చారం పొలానికి వచ్చాడు. వాన విషయం తేల్చేలోపే ఠంగ్.

ఆడవాళ్లవైపు ఎవరో నవ్వును దగ్గుగా మార్చారు.

సార్‌కు చెమట పట్టింది. ముగించాలని ఉంది, కానీ ముప్పై ఏళ్ల అలవాటు నోరు. బండి దిగువలో పడ్డట్టు ఆగడం లేదు. ఇంకా అనాథలు ఉన్నారు, విధవలు ఉన్నారు, బయటి దేశాల్లోని రాజులు ఉన్నారు. "హల్లెలూయా!" అన్నాడు గట్టిగా. మంట పడుకుంది. ఠంగ్.

"...ఆమెన్."

అందరూ కళ్లు తెరిచారు. సార్ గడియారం తీసి చూశాడు. మళ్లీ చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. ఆడుతూనే ఉంది.

"ఏడున్నర," అన్నాడు చిన్నగా.

"ముండ్లు ఐదు," అన్నారు ఆడవాళ్లు, ఈసారి ఒక్క గొంతు కాదు. "సార్‌వి మూడు. అంటె అంగుళమున్నర!"

మందిరం గొల్లుమంది. సార్ చెయ్యెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి కానీ సుద్ద తీసుకుని బల్ల దగ్గరికి పోయాడు. మార్తమ్మకు అప్పుడు ఆయన మీద గౌరవం కలిగింది. ఆయన అవమానాన్ని కూడా అంకెలు వేసి రాస్తాడు. గంటన్నర, అంటే అంగుళమున్నర. పోయింది రెండున్నర. తీసివేస్తే...

సార్ వెనక్కి తిరిగాడు. "నా ప్రార్థన పొడుగెక్కువ, నేను ఒప్పుకుంట. కిటికీ గాలి, ఒప్పుకుంట. అయినా ఒక అంగుళం మిగుల్తున్నది. కాలలే అది. ఏడున్నది?"

ఈ ప్రశ్న దాకా ఆయన రాడేమోననుకుంది మార్తమ్మ. లెక్కల మనిషి, వచ్చాడు.

పేతురు పళ్లెం ఎత్తి చూపించాడు. ముళ్లతో సహా తెల్లటి మైనం ముద్ద కట్టి ఉంది. ఇవాళ ఎవరూ ముట్టలేదు.

"ఇయ్యాల ఉన్నది," అన్నాడు సార్. "నిన్న లేకుండె. మొన్న లేకుండె. ఇన్ని దినాల అంగుళాలు ఏడికివొయినయ్ పేతురూ?"

నవ్వులు ఆగిపోయాయి. అందరి చూపులూ పేతురు మీదికి తిరిగాయి. పేతురు నోరు తెరిచాడు. "నాకు..."

"ఊకో పేతురూ. మల్ల గదే మాట అనకు," అంది ఒక గొంతు.

కమలమ్మ లేచి నిలబడింది. నడుముకు దోపిన సున్నపు డబ్బీ తీసి, మూత తెరిచి, పీట మీద పళ్లెం పక్కన పెట్టింది. అందులో గట్టిపడ్డ మైనం, వేలి గీతలతో సహా.

"నా మడిమలల్ల ఉన్నది," అంది. "మీ అంగుళం. రెండెకరాలు నాటేసిన కాళ్లు. మీరు వాన అడుగుతరు, బురదల నేను దిగుత. చెప్పులన్న తెచ్చిండ్రా ఎన్నడన్న?"

సార్ చేతిలో సుద్ద విరిగింది.

"కాగితం రాస్తనంటిరి గద. రాయుండ్రి. అమీన్ సాబును పిలువుండ్రి." ఆమె చీర అంచు జానెడు పైకి ఎత్తింది. మడమలు నున్నగా, పగుళ్లలో తెల్లటి గీతలతో మెరిశాయి. "దొంగసొమ్ము గిక్కడున్నదని చూపిస్త. గీరుకొని వొమ్మందురు."

ఒక ముసలమ్మ లేచి వచ్చి కమలమ్మ కాళ్ల దగ్గర వంగి చూసింది. "మంచిగనే మానినయ్ బిడ్డా," అంది. "నూనె గలిపినవా?" 

దాంతో ఆడవాళ్లవైపంతా కదిలి ముందుకు వచ్చింది. ఆముదమా, కొబ్బరినూనెనా, వేడిగా పెట్టాలా చల్లార్చి పెట్టాలా అని మాటలు. తీర్పు ఎక్కడో కింద పడిపోయింది.

సార్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. అమీన్‌కు ముందే రాసి పెట్టుకున్నాడన్నమాట. దాన్ని కొవ్వొత్తి మంటకు అంటించబోయి, చివరి నిమిషంలో ఆగి, ముక్కలు ముక్కలుగా చింపాడు. మంట వృథా చెయ్యడం ఇష్టం లేకపోయి ఉంటుంది. "పేతురూ," అన్నాడు. చింపిన ముక్కలు జేబులో వేసుకున్నాడు. "కిటికీ మూసెయ్యి."

అది క్షమాపణ అని పేతురుకు అర్థం కాలేదు. మార్తమ్మకు అయింది.

*

తెల్లారి సోమవారం. అమీన్‌కు కాగితం ఇవ్వాల్సిన రోజున ఊరి మీదుగా యూనియన్ విమానాలు పోయాయి. వారం తిరగకుండానే నిజాం లొంగిపోయాడని కబురు వచ్చింది. అమీన్ సాబు ఎటు పోయాడో, ఎవరి బట్టల్లో పోయాడో ఎవరూ చూడలేదు. ఊళ్లో అందరూ చరిత్ర గురించి మాట్లాడుకుంటుంటే, పేట సంఘం కమిటీ కూర్చుని రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, కారిన మైనాన్ని వారానికోసారి ఆడవాళ్లందరికీ సమంగా పంచాలి. రెండు, సంఘ పెద్ద చేసే ప్రార్థన ఒక్క ముల్లుకు మించకూడదు. రెండో తీర్మానాన్ని బలపరిచింది సార్ భార్య. ఆమె కాళ్లకు కొత్త చెప్పులు.

కృతజ్ఞతా ప్రార్థన సాయంత్రం కిటికీ మూసి ఉంది. మంట కదలకుండా నిలబడి కాలుతోంది. సార్ లేచి, రాజ్యాలు కూలడం నుంచి మొదలుపెట్టాడు. ఇవాళ ఒక ముల్లులో అయ్యే పని కాదని అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనుకోదలచలేదు కూడా. మార్తమ్మ పాత అలవాటు కొద్దీ ఒక కన్ను తెరిచింది, ముల్లు ఎంత వదులైందో చూద్దామని.

పీటకు అవతల సార్ కూడా ఒక కన్ను తెరిచి ఆ ముల్లునే చూస్తున్నాడు.

రెండు కళ్లూ కలిశాయి. ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకునే వీలు లేదు. సార్ నోరు ఆపకుండానే కన్ను మూసుకున్నాడు. మార్తమ్మ మాత్రం ముల్లు పడేదాకా మూయలేదు.